మాయమయ్యేది ఎవరు?

1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'ను చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ పేరు దగ్గరే ఆగిపోతాను. అందులో 'మన' రెండుసార్లు ఉంది. రెండూ ఒకటేనా? దొర మీద తిరగబడి పొలాన్నీ పంటనీ నిలబెట్టుకున్న పాలకుర్తి చిట్యాల ఐలమ్మకు ఆ చరిత్ర తెలియనిదా? తెలియనిది హైదరాబాదు నుంచి టేప్‌రికార్డర్‌తో వెళ్లినవాళ్లకి, తరవాత చదివిన మనకి. 1985లోనే పోయిన ఐలమ్మ ఆ పుస్తకాన్ని చూడనే లేదు.

తెలంగాణ పోరాటం మీద నాయకులు రాసిన పుస్తకాలు అప్పటికే ఉన్నాయి. వాటిలో స్త్రీల త్యాగాలూ ఉన్నాయి. కానీ దళంలో ఉండాలంటే కన్నబిడ్డను ఎవరి చేతుల్లోనో పెట్టి రావలసిన రాత్రి గురించి, పోరాటం ఆగిన 1951 తరవాత 'ఇక ఇళ్లకు పొండి' అనిపించుకోవడం గురించి ఆ స్త్రీలు నోరు విప్పింది, ఎవరో కూర్చుని అడిగారు కాబట్టే. అడగడం కూడా రాయడమే.

ఇతరుల కథ రాసిపెట్టేవాళ్లని ఇంగ్లీషు ఘోస్ట్ రైటర్లంటుంది, అంటే దయ్యాలని! అక్కడ మాయమయ్యేది రాసినవాళ్ల పేరు. మన దగ్గర ఎక్కువసార్లు మాయమయ్యేది చెప్పినావిడ మాట. 2019లో వచ్చిన మల్లు స్వరాజ్యం ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా' మీద కథనం విమల, కాత్యాయని అని స్పష్టంగా ఉంది. నాకది నచ్చింది. నల్లగొండ జిల్లా తుంగతుర్తి నుంచి 1978, 1983లలో శాసనసభకు గెలిచిన స్వరాజ్యం వేదిక మీద ఎన్నోసార్లు చెప్పిన కథ అది. అలా చెప్పీ చెప్పీ గట్టిపడ్డ కథను విప్పడం, అసలు చెప్పనివాళ్ల చేత చెప్పించడం కన్నా కష్టమేమో.

కొన్నేళ్ల కిందట నేనూ ఒక పాలమూరు పెద్దమ్మ కథ రాసుకొచ్చాను. వయసులో ఉన్నప్పుడు మేస్త్రీ వెంట మట్టిపనికి ఊళ్లు తిరిగిన మనిషి. మూడు సాయంత్రాలు చెప్పింది. నేను రాత్రులు కూర్చుని శుభ్రంగా, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేసేంత శుభ్రంగా, రాశాను. తీసుకెళ్లి చదివి వినిపించాను. చివరిదాకా విని,

"మంచిగున్నది బిడ్డా. గిది ఎవరి కత?" అంది.

ఇంటికొచ్చి టేపు మళ్లీ విన్నాను. యాసను దిద్దానని తెలుసు, దానికి సిద్ధపడే ఉన్నాను. అసలు తప్పు వేరే. ఆమె ఎక్కడా 'నేను' అనలేదు. 'మేం పోయినం', 'మేం తవ్వినం', 'మాకు పైసలియ్యలే'. నేను ప్రతిచోటా 'నేను' అని మార్చేశాను, ఆత్మకథ కదా అని. ఆమెతో కలిసి తట్టలు మోసిన ఆడవాళ్లంతా నా కాగితాల్లోంచి ఒక్క దెబ్బకు వెళ్లిపోయారు.

మళ్లీ మొదటి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టాను.