శాసనమును కావలియు

పదునాలుగు మొదలు పదునెనిమిదేండ్ల వఱకుఁ గల ప్రాయము విచిత్రమైనది. ఆ వయసువాఁడు బరువు మోయుటకుఁ బెద్దవాఁడుగను, కూలి పుచ్చుకొనుటకుఁ జిన్నవాఁడుగను లెక్కకు వచ్చును. దేహమునకు బలము వచ్చినను, అపాయమును ముందుగాఁ గనిపెట్టు ననుభవ మింకను రాదు. ఇట్టివారిని యంత్రముల వాతఁ బడకుండఁ గాపాడవలయునను తలంపు ఎట్లు పుట్టి యెంత యాలస్యముగా ఫలించెనో తెలిసికొనుట మనకుఁ బ్రయోజనకరము.

ఇంగ్లండున నూలుమిల్లులు ప్రబలిన కాలమున, బీదలసత్రములలోని పిల్లలను పని నేర్చువారను పేరిట మిల్లులకుఁ బంపుచుండిరి. తానే మిల్లు యజమానుఁడైన పెద్ద రాబర్టు పీలు ప్రయత్నమువలన 1802లో నొక శాసనము పుట్టెను. ఇట్టి పిల్లలచేత దినమునకుఁ బండ్రెండు గంటలకు మించి పని చేయింపరాదు. ఏఁటికి రెండుమార్లు గోడలకు సున్నము వేయింపవలెను. గాలి వచ్చుటకుఁ దగిన కిటికీలుండవలెను. శాసనము మంచిదే. కాని దానిని విచారింపవలసినవారు ఆ ప్రాంతపు మేజస్ట్రేటులును మతాచార్యులును. అది వారి వృత్తి కాదు. కావున నది చాలవఱకుఁ గాగితముమీఁదనే నిలిచెను.

1833 శాసన మీ లోపమును గుర్తించినది. పట్టుమిల్లులలోఁ దప్పఁ దొమ్మిదేండ్లు నిండని పిల్లలను నేతమిల్లులలోఁ బెట్టరాదనియు, పదుమూఁడేండ్లు దాఁటి పదునెనిమిది నిండనివారికి వారమునకు 69 గంటలకు మించిన పనియు, రాత్రిపనియుఁ గూడదనియు విధించి, వీనినన్నిటిని జూచుటకు నలుగురు ఇన్‌స్పెక్టర్లను నియమించెను. అందలి క్రొత్తదన మీ కావలియే.

అయినను వయ సెట్లు తెలియును? అచ్చట జననములను సర్కారువారు వ్రాసికొనుట 1837 వఱకు లేదు. వైద్యుఁడు పిల్లవాని వాలకమును, బలమును జూచి పత్ర మిచ్చెడివాఁడు. 1837లో ఎడ్విన్ సాండర్సు అను దంతవైద్యుఁడు, పండ్లే వయసునకుఁ బ్రమాణమని యొక గ్రంథము వ్రాసెను. మన యెద్దులసంత యిచ్చట జ్ఞప్తికి రాకమానదు.

గంటలు తగ్గినంతమాత్రమునఁ జేతులు దక్కవు. తిరుగుచున్న యిరుసునకు బట్టచెంగో, జుట్టో చుట్టుకొనినఁ బ్రాణమునకే ముప్పు. అందుచే 1844 శాసనము యంత్రములకుఁ గంచె వేయుమనియు, నడుచుచున్న చక్రములను పిల్లలచేతఁ దుడిపింపరాదనియు నాజ్ఞాపించెను.

మన దేశమున మొదటి ఫ్యాక్టరీ చట్టము 1881లో వచ్చెను. అది నిషేధించినది ఏడేండ్లు నిండనివారిని మాత్రమే! ఆ హద్దు 1891లోఁ దొమ్మిదికిని, 1922లోఁ బండ్రెండునకును, 1948లోఁ బదునాలుగునకును బెరిగెను. ఏడు రెట్టింపగుటకు 67 సంవత్సరములు పట్టినది. అపాయకరమైన యంత్రముకడఁ బడుచువానిని నిలుపకముందే దాని యపాయము లన్నియుఁ దెలుపవలయుననియు, శిక్షణ మిచ్చియో తెలిసినవాని నొకని కనిపెట్టియుండఁ జేసియో పని చేయింపవలయుననియు 1948 చట్టము శాసించెను. బాలకార్మిక చట్టమునకు 2016లో జరిగిన సవరణ, పదునెనిమిదేండ్లు నిండనివారిని గనులలోను, ప్రేలుడు పదార్థముల పనిలోను బెట్టరాదన్నది.

ఇన్ని చట్టము లున్నను, నా తరగతిలోని యొక బాలుఁడు వేసవి సెలవులలో నొక చిన్న కార్ఖానాకుఁ బనికిఁ బోయి, కుడిచేతి చూపుడువ్రేలు లేక బడికి వచ్చెను. వయసెంత యని యడిగినవారు లేరు. యంత్రము నెట్లాపవలెనో చెప్పినవారును లేరు. తండ్రిచేతఁ గొంత సొమ్ము పెట్టి పంపివేసిరి. ఆతఁడు నడిమివ్రేలితోఁ గలము పట్టుట నేర్చుకొనుచుండఁగా, నేను ఎదుట నిలిచి చరిత్రపాఠము చెప్పుచుంటిని.

1802 చెప్పిన నీతి యిదియే: చూచువాఁడు లేని శాసనము చేతిని గాపాడదు. ఇన్‌స్పెక్టరు ప్రతి చిన్న కొట్టునకును రాఁజాలఁడు. అచ్చటఁ గావలి మనమే. బిడ్డను పనిలోఁ బెట్టు తండ్రి, కూలి యెంత యని యడుగుటకు ముందు, యంత్రమునకుఁ గంచె యున్నదా, దాని నాపుట వీనికి నేర్పుదురా, రాత్రిపని యున్నదా యని యడుగవలెను. సరియైన జవాబు రానిచోట బిడ్డచేయి పట్టుకొని యింటికిఁ దీసికొనిరావలెను.