ఏడు దేవతల వాళ్లు, ఆరు దేవతల వాళ్లు

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్ అంగట్లో ముక్కూ మొహం తెలియని ఇద్దరు గోండులు ఎదురైతే ‘రాం రాం’ అనుకున్నాక ముందు తేలాల్సింది ఇంటిపేరు. అది తెలిస్తే సగా, అంటే ఆ ఇంటిపేరు చేరే వంశాల గుంపు, తెలిసినట్టే. ఇద్దరిదీ ఒకే సగా అయితే అన్నదమ్ముల వరస. వాళ్ల మధ్య పెళ్లి సంబంధం కుదరదు. సగాలు వేరైతే వియ్యానికి దారి ఉంటుంది, బావామరదుల వేళాకోళానికీ చోటుంటుంది. వరస తేలాకే మాట సాగుతుంది.

ఈ లెక్క మూలం గోండుల పురాణంలో ఉంది. గుహలో బందీలైన మూలపురుషులను పహండి కుపార్ లింగాల్ విడిపించి, నాలుగు సగాలుగా ఏర్పరిచాడంటారు. ఏడు దేవతల వాళ్లు యేర్వేన్, ఆరు దేవతల వాళ్లు సార్వేన్, ఐదు దేవతల వాళ్లు సీవేన్, నాలుగు దేవతల వాళ్లు నాల్వేన్. ఈ కథను తరతరాలుగా నిలిపింది పర్ధాన్లు. కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ వంశగాథలు పాడే వాళ్లకూ ఇవే సగాలు.

1940లో జోడేఘాట్‌లో గోండు పోరాట నాయకుడు కుమురం భీం నేలకొరిగాక గోండుల మధ్యకు వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, మార్లవాయిలో ఉండి ఈ వ్యవస్థను పరిశీలించాడు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వెలువడింది.

మనిషి తానెవరో ఇతరులతో వరసలోనే తెలుసుకుంటాడన్నది ఈ వ్యవస్థ సారం. అమెరికాలో సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ కూలీ 1902లోనే ఇలాంటి సంగతే చెప్పాడు: ఎదుటివాళ్లకు మనం ఎలా కనిపిస్తున్నామని ఊహించుకుంటామో, దాన్నిబట్టే మన గురించి మనకు ఒక భావన ఏర్పడుతుంది. ఇతరుల స్థానంలో నిలబడి చూసుకోవడం నేర్చాకే మనిషికి ‘నేను’ అన్న ఎరుక కలుగుతుందని తత్వవేత్త జార్జ్ హెర్బర్ట్ మీడ్ వివరించాడు. ఆయన పాఠాలు 1934లో పుస్తకమయ్యాయి. ఉట్నూర్ గోండులకు ఇది రోజూ నడిచే వ్యవహారం. ఇక్కడ ‘నువ్వెవరు’ అంటే ‘నాకు ఏమవుతావు’ అనే.

కేస్లాపూర్‌లో నాగదేవత నాగోబా జాతరలో ఇది కళ్లకు కడుతుంది. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ అయ్యాక మెస్రం వంశపు కొత్త కోడళ్లకు ‘భేటింగ్’ జరుగుతుంది. తెల్లచీర కట్టి, ముసుగేసుకుని వాళ్లు నాగోబా ముందుకు వస్తారు. పెద్దల కాళ్లు మొక్కుతారు. పెళ్లితో ఇంట్లో అడుగుపెట్టిన పిల్ల, వంశంలో మనిషయ్యేది ఈ పరిచయంతోనే. ఆమెను ఒప్పుకునే వాళ్లంతా అక్కడ కళ్లెదుటే ఉంటారు.

ఇప్పుడు కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ కార్డు కూడా ‘నువ్వెవరు’ అని అడుగుతున్నాయి. హక్కులకు ఆ కాగితాలు కావాల్సిందే. కానీ ఎవరిని దాదా అనాలో, ఎవరి కష్టానికి ముందుగా వెళ్లి నిలబడాలో అవి నేర్పలేవు. ఆశ్రమ పాఠశాలల్లో పెరుగుతున్న పిల్లలకు అక్షరాలతో పాటు పర్ధాన్ల పాట కూడా వినిపించాలి. తన సగా తెలిసిన పిల్లవాడికి ఏ గోండు గూడెంలోనూ పరాయితనం ఉండదు.