లయ తప్పిన గుండెకు మందు: వేళ, మోతాదు

గుండె లయ తప్పే జబ్బుల్లో వైద్యుల దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఎట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులైన కర్ణికలు నిమిషానికి 350 నుంచి 600 సార్లు అదురుతుంటాయి. మధ్యలో కావలి ఉన్న ఏవీ నోడ్ ఆ అదుర్లలో చాలావాటిని ఆపేస్తుంది. మిగిలినవి కిందికి దిగి, నాడి నిమిషానికి 100 నుంచి 160 దాకా ఒక వరస లేకుండా కొట్టుకుంటుంది. రోగి దాన్ని దడ అంటాడు, గాబరా అంటాడు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం అంటాడు. కొందరికి ఏమీ తెలియదు. మందులు చేయాల్సిన పనులు మూడు: వేగం తగ్గించడం, వీలైతే లయను దారికి తేవడం, కర్ణికలో నిలిచిపోయిన రక్తం గడ్డకట్టి మెదడుకు చేరకుండా చూడడం. మొదటి రెండిటి ఫలితం రోగికే తెలుస్తుంది. మూడోది పనిచేస్తున్నా, మానేసినా ఒంట్లో ఏ తేడా కనిపించదు. పక్షవాతాన్ని ఆపేది మాత్రం అదే.

పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో ఇది ముసలివాళ్ల జబ్బు, రక్తపోటు వెంట వచ్చేది. మన దేశంలో బొమ్మ వేరు. ఇండియన్ హార్ట్ రిథమ్ సొసైటీ 2011-12లో 24 కేంద్రాల నుంచి 1,537 మంది రోగుల వివరాలు నమోదు చేస్తే, సగటు వయసు 54.7 ఏళ్లే తేలింది. వారిలో 47.6 శాతం మందికి రుమాటిక్ గుండె జబ్బు ఉంది. చిన్నప్పుడు, 5 నుంచి 15 ఏళ్ల మధ్య, గొంతునొప్పితో మొదలైన రుమాటిక్ జ్వరం మిట్రల్ కవాటాన్ని మచ్చకట్టించి ఇరుకు చేస్తుంది. దాని వెనకున్న ఎడమ కర్ణిక ఏళ్ల తరబడి సాగి సాగి, చివరికి లయ కోల్పోతుంది.

లేపాక్షి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో ఆ కవాటానికి చేసే వాల్వు ఆపరేషన్ అన్న మాట కొత్తది కాదు. 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన పుట్టపర్తి ప్రశాంతిగ్రామం ఆసుపత్రి గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తూ వచ్చింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని ముందుగా మూడు జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు, మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు అనంతపురం కూడా అందులో ఉంది. ఈ ఊళ్లన్నీ అప్పుడు ఆ జిల్లావే. శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఆపరేషన్ ఒక్క రోజు పని. లోహపు కవాటం పెట్టించుకున్నాక మాత్ర మాత్రం జీవితాంతం. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ తయారుచేసి, 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చిన చిత్ర కవాటానికైనా ఇదే షరతు.

ఆ మాత్ర మన దగ్గర ఎక్కువగా అసెనోకౌమరాల్, మందుల షాపు భాషలో అసిట్రోమ్. లేకపోతే దాని అన్న వార్ఫరిన్. రెండూ రక్తాన్ని ‘పల్చన’ చేస్తాయని అంటారు గానీ రక్తం చిక్కదనంలో ఏమీ మారదు. గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లను కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. ఆ తయారీని ఈ మందులు అడ్డుకుంటాయి. అప్పటికే రక్తంలో తిరుగుతున్న ప్రొటీన్లు అరిగిపోవాలి కదా, అందుకు సమయం పడుతుంది. ఇవాళ మార్చిన మోతాదు ఫలితం రెండు మూడు రోజులకు గానీ కనబడదు, వార్ఫరిన్‌కైతే ఇంకా ఆలస్యం. నిన్నటి పరీక్షలో లెక్క తక్కువ వచ్చిందని ఇవాళ రెండు మాత్రలు వేసుకుంటే, ఆ తప్పు వారం మధ్యలో చిగుళ్ల నుంచి రక్తంగా బయటపడుతుంది.

లెక్క అంటే ఐఎన్‌ఆర్. మందు వాడని మనిషికి 1 దగ్గర ఉంటుంది. ఎట్రియల్ ఫిబ్రిలేషన్‌కు 2, 3 మధ్య ఉండాలి. మిట్రల్ స్థానంలో లోహపు కవాటం ఉంటే 2.5, 3.5 మధ్య. 2 కిందికి జారితే గడ్డ, 4 దాటితే రక్తస్రావం. ఇంత సన్నని గట్టు మీద నడవాలి కాబట్టే మోతాదు మనిషి మనిషికీ మారుతుంది. ఒకరికి 1 మిల్లీగ్రాము చాలు, ఇంకొకరికి 4 కావాలి. మధ్యలో ఉన్నవారికి వైద్యుడు ఒకరోజు 2, మర్నాడు 3 అని రాస్తాడు. ‘రోజు విడిచి రోజు’ అన్న ఆ చిన్న మాట ఇళ్లలో ఎంత గందరగోళం పెడుతుందో చెప్పనక్కర్లేదు. నిన్న ఏది వేసుకున్నామన్నది గోడ క్యాలెండరు మీద టిక్కు పెట్టుకున్నవారికే గుర్తుంటుంది.

ఈ మాత్రను సాయంత్రం ఆరూ ఏడు గంటలకు వేసుకోమనడంలో రహస్యమేమీ లేదు. పొద్దున రక్తం ఇస్తే మధ్యాహ్నానికి ఫలితం వస్తుంది, మార్పేదైనా ఉంటే ఆ సాయంత్రం మోతాదులోనే చేయవచ్చు. పల్లె నుంచి పరీక్షకు పట్నం బస్సెక్కే మనిషికి ఈ ఏర్పాటు ఒక తిరుగు ప్రయాణాన్ని తప్పిస్తుంది. మరిచిపోతే, అదే రోజు గుర్తొస్తే వేసుకోవచ్చు. తెల్లవారితే ఆ మాత్ర వదిలేసినట్టే, రెండూ కలిపి మింగకూడదు.

ఇక తిండి. ఆకుకూరలు మానేయమని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. అది తప్పు సలహా. తోటకూర, పాలకూర, మునగాకుల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది, నిజమే. కానీ గుండెకు కావలసింది ఆకుకూర లేకపోవడం కాదు, వారం వారం ఒకేలా ఉండడం. రాగి సంగటిలోకి వారానికి మూడుసార్లు ఆకుకూర పప్పు తినే ఇల్లు అలాగే తింటే, మాత్ర మోతాదు దానికి తగ్గట్టు కుదురుకుంటుంది. చిక్కు వచ్చేది ఎండాకాలమంతా ఆకు ముట్టక, వానలు పడి చేల గట్ల మీద గురుగాకు, చెంచలాకు లేచాక రోజూ కూర వండినప్పుడు. అంతకన్నా పెద్ద ప్రమాదం మందుల షాపులో ఉంది. నీళ్ల విరేచనాలకు చీటీ లేకుండా కొనే మెట్రోనిడజోల్ ఐఎన్‌ఆర్‌ను అమాంతం పెంచుతుంది. మోకాళ్ల నొప్పికి వేసే డైక్లోఫెనాక్ కడుపులో పుండు రేపి రక్తం కారుస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ దీనికి తలకిందులు, మామూలు మోతాదులో మాత్రను సరిగా పనిచేయనివ్వదు.

వార్ఫరిన్ పుట్టుక కూడా పశువుల మేతలోనే. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం కారి చచ్చిపోయాయి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని విషాన్ని విడదీసింది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్మకానికి వచ్చి, 1954లో మనుషుల మందుగా అనుమతి పొందింది.

పరీక్షల బాధ లేని కొత్త మందులు వచ్చాయి కదా, ఇంకా ఈ పాతదెందుకు? దీనికి సమాధానం ఇన్విక్టస్ పరిశోధన చెప్పింది. రుమాటిక్ గుండె జబ్బుతో పాటు ఎట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న 4,500 మందికి పైగా రోగుల్లో రివరాక్సబాన్‌ను పాత మందులతో పోల్చి చూస్తే, మరణాలు పాత మందులు వాడినవారిలోనే తక్కువ; పెద్ద రక్తస్రావాలు ఎక్కువేమీ కాలేదు. ఫలితాలు 2022లో వెలువడ్డాయి. లోహపు కవాటం ఉన్నవారికి డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన పరిశోధననైతే గడ్డలూ రక్తస్రావాలూ పెరగడంతో మధ్యలోనే ఆపేశారు.

కవాటం బాగుండి రక్తపోటు వల్లో వయసు వల్లో లయ తప్పినవారికి మాత్రం కొత్త మందులే మేలు. అక్కడా గడియారానికి పని ఉంది. ఎపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు, చీటీ మీద 1-0-1: పొద్దున ఒకటి, మధ్యాహ్నం సున్నా, రాత్రి ఒకటి. వయసు 80 లేదా అంతకు పైన ఉండడం, బరువు 60 కిలోలు మించకపోవడం, క్రియాటినిన్ 1.5 లేదా అంతకు పైన ఉండడం, ఈ మూడింటిలో ఏ రెండున్నా 2.5కు తగ్గిస్తారు. రివరాక్సబాన్ 20 మిల్లీగ్రాములు రోజుకు ఒకటే, కానీ కడుపు నిండా భోజనంతో. ఖాళీ కడుపున వేసుకుంటే మూడింట రెండు వంతులే ఒంటికి పడుతుంది. మహాశివరాత్రికి లేపాక్షి వీరభద్రుడి గుడికి ఉపవాసంతో వెళ్లే మనిషికి ఈ సంగతి ముందే తెలియాలి. రంజాన్ నెలలో ఆ మాత్రను ఇఫ్తార్ తర్వాతి భోజనానికి జరుపుకోవడం తేలిక. డాబిగాట్రాన్ గొట్టాన్ని విప్పి పొడి మింగకూడదు, మందు మోతాదుకు మించి రక్తంలోకి చేరుతుంది. ఈ మందులన్నిటి పట్టూ ఒక రోజులోనే సడలుతుంది. రోజుకు రెండుసార్లు వేసుకునేది మరిస్తే ఆరు గంటల లోపు, ఒకసారిదైతే పన్నెండు గంటల లోపు వేసుకోవచ్చు.

వేగం తగ్గించే మందుల్లో మొదటిది మెటోప్రొలాల్. టార్ట్రేట్ రకం రోజుకు రెండుసార్లు, సక్సినేట్ రకం ఒకసారి. రెండో రకాన్ని గీత దగ్గర సగానికి విరవవచ్చు గానీ నమలకూడదు. ‘బాగుంది’ అని ఒక్కసారిగా మానేస్తే గుండె మునుపటికన్నా జోరుగా కొట్టుకుంటుంది.

రెండోది డిగాక్సిన్, దీని కథే వేరు. 1785లో ఇంగ్లండులో విలియం విదరింగ్ ఫాక్స్‌గ్లోవ్ ఆకు మీద పుస్తకం రాసినప్పటి నుంచి మోతాదు తగాదా నడుస్తూనే ఉంది. మేలు చేసే మోతాదుకూ చెరుపు చేసే మోతాదుకూ మధ్య సందు అంత ఇరుకు. మన పెరటి గన్నేరూ, పచ్చగన్నేరూ ఈ జాతి విషాన్నే మోస్తున్నాయి. పచ్చగన్నేరు గింజ తిన్నవారి గుండె నెమ్మదించి ఆగేది ఇందువల్లే. ఒంట్లో చేరిన డిగాక్సిన్ సగానికి తగ్గడానికి 36 నుంచి 48 గంటలు పడుతుంది. అందుకే మన వైద్యులు చాలాకాలంగా 0.25 మిల్లీగ్రాముల మాత్రను వారానికి ఐదు రోజులే రాస్తూ వచ్చారు, శని ఆదివారాలు సెలవు. రక్తంలో మందు ఎంతుందో కొలిచే వీలు లేని చోట అది పేరుకోకుండా ఇదొక జాగ్రత్త. కానీ లెక్క వేస్తే శుక్రవారం పొద్దుటి మాత్ర సోమవారం పొద్దుటికి మూడో వంతుకో నాలుగో వంతుకో పడిపోతుంది. రోజూ అర మాత్ర ఇస్తే నిలకడగా ఉంటుందన్న వాదన సబబుగానే ఉంది. పైగా శని ఆదివారాల సెలవు ఆఫీసులకే గానీ ధర్మవరం మగ్గానికీ, వేరుశనగ చేనుకీ లేదు.

డిగాక్సిన్‌ను బయటికి పంపేది మూత్రపిండాలు. ఏప్రిల్, మే ఎండల్లో వాంతులో విరేచనాలో పట్టుకుని ఒంట్లో నీరు తగ్గితే, మారని మోతాదే విషమవుతుంది. నీరు తీసే లేసిక్స్ కూడా వాడుతుంటే పొటాషియం తగ్గి విషం ఇంకా ముదురుతుంది. అన్నం సయించకపోవడం, వికారం, చూపు పసుపుపచ్చగా మారడం దీని గుర్తులు. మొదటి రెండిటినీ వడదెబ్బ ఖాతాలో వేయడం సులువు. రక్తపరీక్ష మాత్ర వేసుకున్న ఆరు గంటల తర్వాతే చేయించాలి, ముందే చేయిస్తే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

లయను దారికి తెచ్చే ఎమియోడరోన్‌కు తొందర లేదు. మొదటి వారం 200 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, రెండో వారం రెండుసార్లు, ఆ తర్వాత ఒకటి. ఇది మామూలు పద్ధతి. బరువులో 37 శాతం అయోడిన్ కాబట్టి థైరాయిడ్ మీద కన్నేయాలి, కాలేయం, ఊపిరితిత్తుల మీద కూడా. సగానికి తగ్గడానికి వారాలు, నెలలు పడుతుంది. ఒక పూట మరిచినా ప్రమాదం లేదు, మానేసినా ప్రభావం వెంటనే పోదు. ఎండకు చర్మం కమిలిపోతుంది కాబట్టి చేలో పనిచేసేవారు చేతులూ ముఖమూ కప్పుకోవాలి. ఇది మొదలుపెట్టిన రోజే డిగాక్సిన్‌ను సగానికి కోయాలి, అసిట్రోమ్‌నూ తగ్గించాలి. దడ వచ్చినప్పుడే వేసుకునేలా జేబులో ఉంచుకునే ఫ్లెకైనైడ్ కవాటం చెడినవారికి పనికిరాదు. గుండెపోటు వచ్చినవారిలో అది మరణాలు పెంచుతుందని 1989లో కాస్ట్ పరిశోధన బయటపెట్టింది.

రుమాటిక్ రోగుల్లో ఆడవాళ్లే ఎక్కువ, అదీ పిల్లలు కనే వయసులో. వార్ఫరిన్, అసెనోకౌమరాల్ రెండూ గర్భం 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డకు హాని చేయగలవు. అందుకే నెల తప్పిన వెంటనే వైద్యుడికి చెప్పాలి. మాత్రను సొంతంగా ఆపితే కవాటం మీద గడ్డ, చెప్పకుండా కొనసాగిస్తే బిడ్డకు ముప్పు. ఆ వారాల్లో చాలామందికి హెపారిన్ సూదులిస్తారు.

వీటన్నిటి పక్కన 21 రోజులకొకసారి పెన్సిలిన్ సూది ఉంది, 12 లక్షల యూనిట్లు, రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా. అది పిరుదు కండలోకి లోతుగా దిగే సూది. అసిట్రోమ్ వాడేవారికి అక్కడ రక్తం గూడుకట్టి వాచే ప్రమాదం కొంత ఉన్నా, ఐఎన్‌ఆర్ హద్దులో ఉన్నంతవరకూ సూది మానాల్సిన పనిలేదు.