బరంపురం అబ్బాయి, బెంగళూరు చదువు, తేజస్ విమానం

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా టెక్కలి, సోంపేట, బరంపురం అన్నీ ఒకే గంజాం జిల్లా. పాత రెవిన్యూ కాగితాలు తిరగేసిన మన సభ్యులకు ఆ పేరు కొత్తకాదు. ఆ తరవాత మనం విశాఖపట్నం జిల్లాలో కలిశాం, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాం. అయినా రాకపోకలు ఆగలేదు. పలాసలో రైలెక్కి సోంపేట, ఇచ్ఛాపురం దాటితే బరంపురమే. పట్టుచీరలకైనా, పెద్దాసుపత్రికైనా ఉద్దానం వాళ్లు చాలామంది ఈనాటికీ అటే వెళ్తారు.

సరిహద్దు గీసిన ఏడేళ్లకు, 1943లో, ఆ బరంపురంలో పుట్టినవారు కోట హరినారాయణగారు. తేజస్ యుద్ధవిమానానికి ప్రధాన రూపకర్త ఆయనే. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో విమానశాస్త్రం, బొంబాయి ఐ.ఐ.టి.లో డాక్టరేటు చేశారు. ఆయన సంగతి మన మనవలకు ఎంతమందికి తెలుసునో! విమానం కర్మాగారంలో తయారవుతుందని అందరికీ తెలుసు. దాని వెనక ఎంత చదువు ఉందో చెప్పాలనే ఈ వ్యాసం.

గాలి సంగతి ఉద్దానం వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలికి ఏళ్ల తరబడి పెంచుకున్న కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. 70 కిలోమీటర్ల గాలికి ఊగి నిలిచిన చెట్టు మీద 140 కిలోమీటర్ల గాలి పడితే, అలాంటి నాలుగు గాలులు ఒక్కసారి తోసినట్టే. విమానం రెక్కను పైకి లేపేదీ ఈ లెక్కే. కాని రెక్క ఎంత వాలుగా ఉంటే ఎంత లేస్తుంది, ఎప్పుడు గాలి రెక్కను విడిచి సుడి తిరుగుతుంది అనేవి కాగితం మీద పూర్తిగా తేలవు. అందుకు గాలిసొరంగం కావాలి. పెద్ద పంకాలతో సొరంగంలో గాలి నడిపించి, మధ్యలో చిన్న నమూనా నిలబెట్టి, దాని మీద పడే బలాలను తూస్తారు.

బెంగళూరు సంస్థలో విమానశాస్త్ర శాఖ 1942లో, ప్రపంచయుద్ధం నడుస్తుండగా మొదలైంది. వాల్‌చంద్ హీరాచంద్ అదే ఊళ్లో 1940లోనే విమాన కర్మాగారం స్థాపించారు. బడీ కర్మాగారమూ ఇరుగుపొరుగు కావడం మన అదృష్టం. ఆ శాఖకు మొదట పెద్దగా ఉన్న డాక్టర్ ఘాటగే రూపకల్పన చేసిన హెచ్.టి.-2 శిక్షణ విమానం 1951లో ఎగిరింది. ఆ ఏడాదే సతీష్ ధావన్ ఆ సంస్థలో చేరి గాలిసొరంగాల పరిశోధనను పెంచారు. మన శ్రీహరికోట కేంద్రానికి పెట్టినది ఆయన పేరే.

జర్మన్ నిపుణుడు కుర్ట్ టాంక్ నాయకత్వంలో చేసిన మారుత్ యుద్ధవిమానం 1961 జూన్ 17న ఎగిరింది. చక్కని విమానం, కాని దానికి తగిన ఇంజను దొరకలేదు. దాని తరవాత మన సొంత రూపకల్పనతో కొత్త యుద్ధవిమానం ఎగరడానికి నలభై ఏళ్లు పట్టింది. కళాశాలల్లో పాఠాలు సాగుతూనే ఉన్నాయి గాని, నేర్చినవాళ్ల చేతికి పని లేదు.

ఆ పని 1980ల్లో వచ్చింది. 1984లో ఏర్పడిన విమానాభివృద్ధి సంస్థ కింద హరినారాయణగారు తేలికపాటి యుద్ధవిమానం బాధ్యత తీసుకున్నారు. ఈ విమానానికి తోకరెక్క లేదు. చురుకుగా మలుపు తిరగాలని కావాలనే నిలకడ తగ్గించారు. అరచేతిలో కర్ర నిలబెట్టినట్టు క్షణక్షణం సర్దుతూ ఉండాలి, అది మనిషి చేతికి సాధ్యం కాదు. పైలట్ కోరికను కంప్యూటర్లు అందుకుని లెక్కకట్టి రెక్క అంచు పలకలకు ఆజ్ఞ ఇస్తాయి. ఎదురుగాలిలో ఆ పలకలను కదిపే బలం మాత్రం నూనెది. లారీ కింద పెట్టే హైడ్రాలిక్ జాకీ చూశారు కదా, సూత్రం అదే. ఒక చదరపు అంగుళం మీద 20 కిలోలు నొక్కితే, 50 చదరపు అంగుళాల ముషలకం కింద వెయ్యి కిలోలు లేస్తుంది. అయితే పైన ఒక అంగుళం లేవాలంటే ఇక్కడ యాభై అంగుళాలు తొయ్యాలి. దేవుడు ఉచితంగా ఏదీ ఇవ్వడు కాబోలు! విమానంలో ఆ తోపుడు పని పంపులు చేస్తాయి, కవాటాలు క్షణంలో తెరుచుకుని మూసుకుంటాయి. కవాటం కాస్త ఆలస్యమైనా విమానం అదుపు తప్పుతుంది.

ఈ నియంత్రణ లెక్కలపై మనవాళ్లు అమెరికాలో లాక్‌హీడ్ మార్టిన్ సంస్థతో కలిసి పనిచేస్తుండగా 1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షలు జరిగాయి. ఆంక్షలు వచ్చాయి. మన ఇంజనీర్లను ఇంటికి పంపేశారు, పరికరాలు అక్కడే ఉండిపోయాయి. కథ ముగిసిందని చాలామంది అన్నారు. బుర్రలో ఉన్నదాన్ని మాత్రం ఎవరూ జప్తు చెయ్యలేకపోయారు. బెంగళూరులోని జాతీయ విమానశాస్త్ర ప్రయోగశాలలో వాళ్లు మిగతా పని పూర్తిచేశారు. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ ఆ విమానాన్ని 18 నిమిషాలు నడిపి క్షేమంగా దింపారు. 2003లో ప్రధాని వాజ్‌పేయిగారు దానికి తేజస్ అని పేరు పెట్టారు. హరినారాయణగారు హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులై, మళ్లీ బడికే వచ్చారు.

తేజస్ ఎగిరిన ఏడాదే టెక్కలిలో ఆదిత్య ఇంజనీరింగు కళాశాల వెలిసింది. మెకానికల్ పిల్లలు చదివే ద్రవయాంత్రిక శాస్త్రంలో పైన చెప్పిన గాలి లెక్క, జాకీ లెక్క రెండూ ఉంటాయి. అయినా కంప్యూటరు బ్రాంచి దొరకలేదని చిన్నబోయి, "మెకానికల్‌కి ఇప్పుడు పనెక్కడుందండీ" అని అడిగే తాతలు మనలోనే ఉన్నారు. పని చాలానే మిగిలి ఉంది. 1980ల్లో మొదలుపెట్టిన కావేరి ఇంజను తేజస్‌కు కావలసిన శక్తి ఇవ్వలేకపోవడంతో 2008లో దాన్ని ఈ పథకం నుంచి విడదీశారు. తేజస్ విమానాలు అమెరికా ఇంజన్లతో ఎగురుతున్నాయి. 2021లో 83 విమానాలకు ఒప్పందం కుదిరినా, ఇంజన్లు సమయానికి రాక విమానాలూ ఆలస్యమయ్యాయి. అరవై ఏళ్ల కిందట మారుత్‌కు వచ్చిపడిన చిక్కు కూడా ఇంజనుదే.