ద్రవ శీతలీకరణ వలయం (డెస్క్‌టాప్ కంప్యూటర్)

ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల వేడిని నీటితో లాగి రేడియేటర్ గుండా గాలిలోకి వదిలే, విడిభాగాలు కొని సొంతంగా బిగించుకునే ఏర్పాటు. వాటర్ బ్లాకులు, పంపు, రిజర్వాయర్, రేడియేటర్, గొట్టాలు, ఫిట్టింగులు దీని భాగాలు. హైదరాబాద్‌లో కంప్యూటర్ విడిభాగాలకు పాత అడ్డా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ.

హైదరాబాద్‌లోని ఖాజాగూడ వంటి చోట లెక్క గది వేడితో మొదలవ్వాలి. వలయంలోని నీరు గది గాలి కంటే చల్లబడదు. మే నెలలో ఇక్కడ 40 డిగ్రీలు మామూలే. ఏసీ లేని గదిలో నీరు మరో 10 డిగ్రీలు ఎక్కితే 50. పీఈటీజీ ప్లాస్టిక్ గొట్టాలు 60 దగ్గర మెత్తబడతాయి, కాబట్టి రబ్బరు గొట్టమే మేలు. వేడెక్కే ఒక్కో భాగానికి 120 మి.మీ. రేడియేటర్ చాలన్నది వాడుకలో ఉన్న మాట. మన ఎండలకు రెట్టింపు పెట్టుకోవడం నయం.

వలయంలో ఏ భాగం ముందు, ఏది వెనక అన్న వాదన ఉత్త కాలక్షేపం. నిమిషానికి 4 లీటర్లు పారుతుంటే 280 వాట్ల వేడి నీటిని ఒక్క డిగ్రీయే పెంచుతుంది. రిజర్వాయర్ మాత్రం పంపు కంటే ఎత్తున, దానికి ముందే ఉండాలి.

బోరు నీరు పోయకూడదు. అందులోని సున్నం బ్లాకు లోపలి సన్నని గాడుల్లో పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నాచు పట్టకుండా మందు కలుపుతారు. రాగితో ఒకే వలయంలో కలిస్తే అల్యూమినియం క్షయించిపోతుంది.

నీరు నింపిన వెంటనే మదర్‌బోర్డుకు కరెంటివ్వరు, ముందు లీకులు చూస్తారు. పవర్ సప్లై 24 పిన్నుల ప్లగ్గుకు జంపర్ తగిలించి, పంపు ఒక్కదాన్నే 24 గంటలు తిప్పుతారు. ప్రతి ఫిట్టింగు కింద టిష్యూ కాగితం పరుస్తారు. చుక్క పడితే కాగితం మీద మరక తేలుతుంది.