హాక్నీ డైమండ్స్

హాక్నీ డైమండ్స్ ఇంగ్లాండుకు చెందిన ప్రఖ్యాత రాక్ సంగీత బృందము రోలింగ్ స్టోన్స్ 2023 అక్టోబరు 20న విడుదల చేసిన ఆల్బము. 2005లో వచ్చిన ఎ బిగ్గర్ బ్యాంగ్ తరువాత ఈ బృందము తన సొంత పాటలతో పూర్తి ఆల్బమును వెలువరించడము ఇదే మొదటిసారి. రెంటి మధ్య 18 సంవత్సరాలు గడిచాయి. విడుదల నాటికి గాయకుడు మిక్ జాగర్ వయస్సు 80, గిటారు వాద్యకారులు కీత్ రిచర్డ్స్, రోనీ వుడ్‌ల వయస్సు 79 మరియు 76 సంవత్సరాలు. 1963 నుండి ఈ బృందములో డ్రమ్స్ వాయించిన చార్లీ వాట్స్ 2021లో మరణించిన తరువాత వచ్చిన మొదటి స్టూడియో ఆల్బము కూడా ఇదే. వాట్స్ లేని బృందాన్ని రోలింగ్ స్టోన్స్ అనవచ్చునా అన్న సందేహము అభిమానులలో ఉన్న కాలములో వెలువడినందున ఈ ఆల్బమునకు మామూలు కంటే ఎక్కువ ప్రాధాన్యత ఏర్పడినది.

పేరు

హాక్నీ తూర్పు లండనులోని ఒక ప్రాంతము. రాత్రివేళ దొంగలు కారు అద్దము పగులగొట్టినప్పుడు రోడ్డుపై పడి మెరిసే గాజు ముక్కలను ఎగతాళిగా హాక్నీ వజ్రాలు అంటారు. విడుదలకు ముందు 2023 ఆగస్టులో హాక్నీ గెజెట్ అనే స్థానిక పత్రికలో ఇదే పేరుతో, అద్దాలు బాగుచేసే దుకాణము ప్రకటన ఒకటి వెలువడినది. అటువంటి దుకాణమేదీ లేదు, అది ఆల్బము ప్రచారములో భాగమే. సెప్టెంబరు 6న హాక్నీ ఎంపైర్ నాటకశాలలో ఆల్బమును అధికారికంగా ప్రకటించారు.

నేపథ్యము

జాగర్, రిచర్డ్స్ ఇద్దరూ లండను సమీపములోని డార్ట్‌ఫర్డ్‌లో పుట్టినవారు. 1961లో అక్కడి రైల్వేస్టేషనులో కలిసినప్పుడు జాగర్ చేతిలో ఉన్న అమెరికను సంగీతపు రికార్డులు వారి స్నేహానికి కారణమైనవి. 1962లో బ్రయాన్ జోన్స్‌తో కలిసి బృందాన్ని ప్రారంభించారు. అమెరికాలోని నల్లజాతి వారి బ్లూస్ సంగీతము వీరికి మూలము. బృందము పేరు కూడా బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ 1950లో రికార్డు చేసిన పాట నుండి తీసుకున్నదే.

2005 తరువాత బృందము ఖాళీగా ఉండలేదు. కచేరీ యాత్రలు చేస్తూనే ఉన్నది. 2012లో రెండు కొత్త పాటలు, 2020లో లివింగ్ ఇన్ ఎ ఘోస్ట్ టౌన్ అనే మరొక పాట వచ్చాయి. 2016లో బ్లూ అండ్ లోన్‌సమ్ అనే ఆల్బము కూడా విడుదలైనది గాని, అందులోనివన్నీ ఇతరుల పాత బ్లూస్ పాటలు. కొత్త పాటల కోసం స్టూడియోకు వెళ్ళి, చేయి తిరగడానికని వాయించిన పాత పాట బాగా కుదరడముతో మొత్తము ఆల్బమును మూడు రోజులలో ముగించారు. సొంత పాటల పని మాత్రము ఏళ్ళ తరబడి సాగి ఆగిపోతూ వచ్చినది. గడువు అనేది లేకపోవడము, కొంత బద్ధకము ఇందుకు కారణాలని జాగర్ తరువాత ఒప్పుకున్నాడు. పాత పాటలకే జనము నిండుగా వస్తున్నప్పుడు కొత్తవి కూర్చవలసిన అవసరము తోచకపోవడమూ సహజమే.

చార్లీ వాట్స్ మరణము

వాట్స్ 2021 ఆగస్టు 24న తన 80వ ఏట లండనులో మరణించాడు. రాక్ బృందాలలో సాధారణంగా డ్రమ్స్ లయను నిలబెడితే మిగిలినవారు దానిని అనుసరిస్తారు. రోలింగ్ స్టోన్స్‌లో ఇది తలక్రిందులు. రిచర్డ్స్ గిటారు ముందు నడిస్తే వాట్స్ దానిని వెన్నంటి పోయేవాడు. మన కచేరీలలో గాయకుని అనుసరించే మృదంగమును తలచుకుంటే ఈ పద్ధతి సులభంగా బోధపడుతుంది. ఎడమచేతి డ్రమ్ముపై దెబ్బ వేసేటప్పుడు కుడిచేతి కర్రను తాళాలపై నుండి ఎత్తివేయడము ఆయన అలవాటు. అందువలన ఆ దెబ్బ వేరే శబ్దమేదీ కలవకుండా విడిగా వినిపించేది. జాజ్ సంగీతాన్ని ప్రేమించిన వాట్స్ ఆడంబరము లేకుండా వాయించేవాడు. ఈ బృందపు పాటలలో కనిపించే కాస్త జాగు, కాస్త ఊగు చాలావరకు ఆయన చలవే.

అనారోగ్యముతో 2021 యాత్రకు రాలేనప్పుడు తన స్థానములో స్టీవ్ జోర్డాన్ వాయించడానికి వాట్స్ స్వయంగా సమ్మతించాడు. జోర్డాన్ 1980ల నుండి రిచర్డ్స్‌తో కలిసి పనిచేసినవాడు.

రికార్డింగు

పని ముందుకు సాగకపోవడము చూసి, 2023 ఫిబ్రవరి 14 నాటికి ఆల్బము పూర్తి కావాలని జాగర్ గడువు విధించాడు. పాల్ మెకార్ట్నీ సూచనతో ఆండ్రూ వాట్ అనే యువ నిర్మాతను తీసుకున్నారు. 1990లో పుట్టిన ఈయన పుట్టేనాటికి బృందము వయస్సు 28 సంవత్సరాలు. మూడు పాటల రచనలో కూడా ఈయన పేరున్నది. 1994 నుండి బృందపు ఆల్బములకు నిర్మాతగా ఉన్న డాన్ వాస్ స్థానములో కొత్తవాడు రావడము వలన ధ్వని బిగువుగా, నేటి శ్రోతలకు అలవాటైన రీతిలో తయారైనది. కొన్ని చోట్ల ఈ మెరుగు అవసరానికి మించినదనే చెప్పాలి.

పాటలు

ఆల్బములో 12 పాటలున్నాయి. వీటిలో మెస్ ఇట్ అప్, లివ్ బై ద స్వోర్డ్ అనే రెంటిలో 2019లో రికార్డు చేసిన వాట్స్ వాద్యము వినవచ్చును. డ్రమ్స్ ఉన్న మిగిలిన పాటలకు జోర్డాన్ వాయించాడు. 1993లో బృందమును వదిలిన బాస్ గిటారు వాద్యకారుడు బిల్ వైమన్ లివ్ బై ద స్వోర్డ్ కోసం తిరిగి వచ్చాడు. ఆ విధంగా పాత జట్టు ఈ ఒక్క పాటలో మళ్ళీ కలిసినది. ఇందులో పియానో వాయించినది ఎల్టన్ జాన్.

బైట్ మై హెడ్ ఆఫ్ పాటలో మెకార్ట్నీ బాస్ గిటారు వాయించాడు. 1960లలో బీటిల్స్, రోలింగ్ స్టోన్స్‌లను ప్రత్యర్థులుగా చూసినవారికి ఇది ముచ్చటైన విషయము. ఏడు నిమిషాలకు పైబడిన స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్ పాటలో లేడీ గాగా గానము, స్టీవీ వండర్ వాద్యము ఉన్నాయి. చర్చి పాటల ఛాయ గల ఈ పాట ముగిసినట్లే ముగిసి మళ్ళీ లేస్తుంది. ఆల్బములో శిఖరము ఇదే. టెల్ మీ స్ట్రెయిట్ పాటను రిచర్డ్స్ పాడాడు.

చివరిది రోలింగ్ స్టోన్ బ్లూస్, అనగా బృందమునకు పేరునిచ్చిన మడ్డీ వాటర్స్ పాట. దీనిని జాగర్, రిచర్డ్స్ ఇద్దరే ఒక గిటారు, ఒక హార్మోనికాతో పాడి ముగించారు. డ్రమ్స్ లేవు.

ఆదరణ

బ్రిటనులో ఈ ఆల్బము మొదటి స్థానము పొందినది. అక్కడ వీరికి ఇది 14వ ప్రథమ స్థానము. అమెరికాలోని బిల్‌బోర్డ్ 200 పట్టికలో మూడవ స్థానములో ప్రవేశించినది. 2025 ఫిబ్రవరిలో ఉత్తమ రాక్ ఆల్బముగా గ్రామీ పురస్కారము లభించినది. 2024 ఏప్రిల్ నుండి జూలై వరకు ఉత్తర అమెరికాలో కచేరీ యాత్ర జరిగినది. 50 ఏళ్ళు పైబడినవారి కోసం పనిచేసే ఏఏఆర్‌పీ అనే సంస్థ ఈ యాత్రకు ప్రాయోజకులుగా ఉండడము పత్రికలలో హాస్యానికి ఆస్కారమిచ్చినది.

భారతదేశముతో సంబంధము

1966లో వచ్చిన పెయింట్ ఇట్ బ్లాక్ పాటలో బ్రయాన్ జోన్స్ సితారు వాయించాడు. బృందపు గుర్తైన ఎర్రని నాలుకను 1970లో జాన్ పాష్ రూపొందించాడు. ఇందుకు ఆధారముగా జాగర్ అతనికి చూపినది నాలుక చాచిన కాళికాదేవి చిత్రము. 2003 ఏప్రిల్ 4న బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో, 7న ముంబై బ్రబోర్న్ స్టేడియములో ఈ బృందము కచేరీలు చేసినది. బెంగుళూరు కచేరీ వర్షములోనే జరిగినది. ఆ రెండు కచేరీలలోనూ డ్రమ్స్ వాయించినది చార్లీ వాట్సే.