జరీచేప పుట్టిన మట్టి చెరువు

రెస్టారెంటు ముందరో, పార్కులోనో, పక్కింటి పెరట్లోనో కోయ్ చేపల్ని మీరు చూసే ఉంటారు. ఎర్రమచ్చలు, నల్లమచ్చలు వేసుకుని, పిల్లలు మేత వేస్తే నోళ్లు తెరుచుకుంటూ వచ్చేస్తాయి. ఇంత సోకు చూస్తే ఏ రాజుగారి తోటలోనో పుట్టాయనిపిస్తుంది. వాటి పుట్టిల్లు మాత్రం వరిపొలమేనండీ.

జపాన్‌లో నీగాటా అనే ప్రాంతం ఉంది. అక్కడి యమకోషి, ఒజియా కొండ ఊళ్లలో చలికాలం మూడు నాలుగు మీటర్ల మంచు పడుతుంది. వెనకటి రోజుల్లో దారులన్నీ మూసుకుపోయేవి. అందుకని రైతులు మెట్లు మెట్లుగా ఉన్న వరిమళ్ల పక్కనే చిన్న చెరువులు తవ్వుకున్నారు. కరిగిన మంచునీళ్లు అందులో నిలిచేవి, కింది మళ్లకీ అవే నీళ్లు. ఆ చెరువుల్లో కూరకోసం కార్ప్ చేపలు పెంచేవాళ్లు. మన ఊళ్లలో బంగారుతీగ అంటాం చూడండి, ఆ చేపే.

సుమారు 200 ఏళ్ల కిందట ఆ చేపపిల్లల్లో కొన్నింటికి రంగు తేలింది. రైతులు వాటిని వండుకోకుండా పక్కన దాచి, రంగున్నవాటిని రంగున్నవాటితోనే జతకట్టించారు. 1914లో టోక్యోలో జరిగిన పెద్ద ప్రదర్శనలో పెట్టాక దేశమంతటికీ తెలిశాయి. జపనీయులు వీటిని నిషికిగోయ్ అంటారు. నిషికి అంటే జరీ నేసిన పట్టు. మన మాటల్లో జరీచేప అన్నమాట!

ఆ చెరువుకి సిమెంటు ఉండదు. నీళ్లు ఇంకని బంకనేల చూసుకుని తవ్వుతారు. గట్టుకి మట్టి పొరలు పొరలుగా వేసి గట్టిపరుస్తారు. నీళ్లు దించడానికి అడుగున తూము పెడతారు. మంచు కరిగాక చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, కోళ్ల ఎరువు వేసి నీళ్లు నింపుతారు. కొన్నాళ్లకి నీళ్లలో సన్నపురుగులు పుడతాయి. చేపపిల్లలకి అదే ఉగ్గు. వేసవంతా ఏరివేతే పని. లక్షల పిల్లల్లో చివరికి మిగిలేవి కొన్నే. అక్టోబరు, నవంబరుల్లో చెరువు దించి, చేపల్ని షెడ్లలోకి చేరుస్తారు.

1970 తర్వాత ప్రభుత్వం వరి తగ్గించమంది. చాలా మళ్లు కోయ్ చెరువులయ్యాయి. చేతిలో డబ్బూ ఆడింది.

2004 అక్టోబరు 23 సాయంత్రం భూకంపం వచ్చింది. కొండచరియలు విరిగి దారులు తెగిపోయాయి. యమకోషిలో ఉన్న 2,000 మందికి పైగా జనాన్ని హెలికాప్టర్లలో దించారు. గట్లు చీలిపోయాయి. కరెంటు పోయి షెడ్లలో గాలి పంపులు ఆగి ఎన్నో చేపలు చచ్చాయి. బతికినవాటిలో కొన్నిటిని హెలికాప్టర్లలోనే తరలించారు.

ఊరివాళ్లు సుమారు మూడేళ్లు తాత్కాలిక ఇళ్లలో ఉన్నారు. తిరిగొచ్చినవాళ్లు ఇళ్లతో పాటు గట్లూ కట్టుకున్నారు. 2017లో ఈ వరి, చేపల సాగుని ప్రభుత్వం వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. కానీ ఇప్పుడు యమకోషిలో వెయ్యి మంది కూడా లేరు. పిల్లలు పట్నాలకి వెళ్లిపోయారు, పెద్దవాళ్లు మిగిలారు. మట్టిగట్టు ఏటా మనిషి చెయ్యి అడుగుతుంది. చూసేవాళ్లు లేకపోతే జారిపోతుంది.

ఇదంతా మనకెందుకంటారా? కృష్ణా, గోదావరి డెల్టాలో మన వరిపొలాలూ చేపల చెరువులవుతున్నాయి. మనలో ఎంతోమందికి పుట్టింటి ఎకరం కౌలులో ఉంది. చెరువుకి ఇచ్చేద్దామని అన్నయ్యో, మరిదిగారో ఫోన్ చేస్తే, ఎకరాకి ఎంతొస్తుందని అడిగేముందు మూడు మాటలు అడగండి. నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? పక్కవాళ్ల చేలోకి ఊట దిగదు కదా? మనమెవరం అక్కడ లేనప్పుడు ఆ గట్టు ఎవరు చూస్తారు?